కోశ సంస్కరణలు – చెరకు రైతు: జంపని సహకార చక్కెర కర్మాగారం నేర్పే పాఠం

సారాంశం

ప్రభుత్వం నష్టాలలో ఉన్న ఒక సంస్థనుండి తప్పుకొన్నప్పుడు ఖజానా లెక్క ఒక సంతకంతో ముగుస్తుంది. ఆ సంస్థను నమ్మి పైరు వేసిన రైతు లెక్క మాత్రం అంత త్వరగా ముగియదు. పశ్చిమ కృష్ణా డెల్టాలోని జంపని సహకార చక్కెర కర్మాగారాన్ని ఉదాహరణగా తీసికొని, సహకార చక్కెర రంగం ఖజానాకు భారమైన తీరును, సంస్కరణల వలన ఆ భారం ఎవరి మీదికి మారిందో, ఈ మార్పులో విస్తరణ శాస్త్రవేత్త నిర్వహించవలసిన పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

తెనాలి నుండి రేపల్లె వెళ్ళే రైలుమార్గంలో వేమూరుకు ముందు వచ్చే ఊరు జంపని. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు గుంటూరు జిల్లాలో ఉండి, నేడు బాపట్ల జిల్లా వేమూరు మండలంలో ఉన్నది. కృష్ణా నదిపై 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ ప్రాంతపు సేద్యానికి ఆధారం. వరి, వరి తరువాత మినుము లేదా మొక్కజొన్న, మెట్ట చేలలోను లంక భూములలోను పసుపు, అరటి, కంద, తమలపాకు ఇక్కడి పైర్లు. వీటి సరసన చెరకుకు ఒక నిలకడైన స్థానం కల్పించినది జంపనిలోని ఎన్.వి.ఆర్. సహకార చక్కెర కర్మాగారం. రాష్ట్ర ప్రభుత్వ సంస్థల సంస్కరణలలో భాగంగా సహకార రంగం నుండి తొలగించవలసిన చక్కెర కర్మాగారాల వరుసలో ఇది కూడా చేరింది. నేడు అక్కడ చెరకు గానుగ ఆడటం లేదు.

ఈ విషయం వ్యవసాయ విద్యార్థికి ఎందుకు అవసరమనే ప్రశ్న రావచ్చు. కోశ విధానం అనగానే బడ్జెట్ ప్రసంగం, పన్నుల శాతాలు, లోటు అంకెలు గుర్తుకు వస్తాయి. కాని ఒక గ్రామంలో ఏ పైరు నిలుస్తుంది, ఏ పైరు కనుమరుగవుతుంది అనే విషయాన్ని నేల స్వభావం, నీటి లభ్యత, వంగడం ఎంతగా నిర్ణయిస్తాయో కోశ విధానమూ అంతగా నిర్ణయిస్తుంది. ఈ సంగతి చెరకులో కనిపించినంత స్పష్టంగా మరే పైరులోను కనిపించదు.

కోశ విధానం: కొన్ని మూల భావనలు

ప్రభుత్వం పన్నులు విధించడం, వ్యయం చేయడం, అప్పు తేవడం – ఈ మూడింటికి సంబంధించిన నిర్ణయాల సమాహారమే కోశ విధానం. రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు, ద్రవ్య సరఫరాల ద్వారా నడిపే ద్రవ్య విధానం దీనికి భిన్నమైనది. రోజువారీ రాబడికంటె రోజువారీ వ్యయం ఎక్కువైతే అది రెవెన్యూ లోటు. అప్పులు మినహా మిగిలిన మొత్తం రాబడికంటె మొత్తం వ్యయం ఎక్కువైతే అది కోశ లోటు. పత్రికలలో దీనినే ద్రవ్యలోటు అని వ్రాస్తుంటారు.

ఈ రెండింటిలోను కనిపించని మూడవ భారం ఒకటి ఉన్నది. అది ప్రభుత్వ పూచీకత్తు. ఒక సహకార సంస్థ బ్యాంకు నుండి అప్పు తీసికొన్నప్పుడు ప్రభుత్వం హామీగా నిలిస్తే ఆ సంవత్సరపు బడ్జెట్‌లో ఒక్క రూపాయి వ్యయం కూడా కనిపించదు. సంస్థ అప్పు తీర్చలేనినాడు మాత్రం అది మొత్తంగా ఖజానామీద పడుతుంది. 2003లో కేంద్రం, 2005లో ఆంధ్రప్రదేశ్ చేసిన కోశ బాధ్యత చట్టాలు లోటుతోపాటు ఇటువంటి పూచీల విషయంలోను క్రమశిక్షణను కోరడానికి కారణం ఇదే. సహకార చక్కెర కర్మాగారాల చరిత్రను అర్థం చేసికొనడానికి ఈ మూడవ భావన అన్నిటికంటె ముఖ్యం.

చెరకు ప్రత్యేకత

వరి పండించిన రైతు ధాన్యాన్ని కొన్ని నెలలు నిలువ ఉంచగలడు. ఒక మిల్లు కాకపోతే మరొక మిల్లుకు అమ్ముకొనగలడు. చెరకు రైతుకు ఆ వెసులుబాటు లేదు. నరికిన చెరకును 24 గంటలలోపు గానుగకు చేర్చకపోతే బరువు తగ్గుతుంది. గడలోని సుక్రోజు విడిపోయి చక్కెర శాతం పడిపోతుంది. అందువలన చెరకు తోట కర్మాగారానికి దగ్గరగా ఉండాలి, కోత కర్మాగారపు పర్మిట్ క్రమంలో జరగాలి. కర్మాగారానికీ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. చుట్టుపక్కల చెరకు లేకపోతే కోట్ల విలువైన యంత్రాలు వృథాగా నిలిచిపోతాయి. చక్కెర కర్మాగారపు యంత్రాలు మరొక పనికి పనికిరావు. దూరపు చెరకు రవాణా వ్యయానికి తట్టుకొనదు.

ఈ పరస్పర ఆధారాన్ని గుర్తించియే 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రతి కర్మాగారానికి కొంత ప్రాంతాన్ని ప్రత్యేకించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. చెరకు అందిన 14 రోజులలోపు ధర చెల్లించాలని, ఆలస్యమైతే సంవత్సరానికి 15 శాతం వడ్డీ కలిపి చెల్లించాలని నిర్దేశించింది. అంతకు ముందే 1961లో ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోళ్ళ క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. రైతు ఒకే కొనుగోలుదారుకు కట్టుబడి ఉంటాడు. అందుకు ప్రతిగా ధరకు, గడువుకు చట్టం హామీ ఇస్తుంది. చెరకు వ్యవస్థ మొత్తం ఈ ఒప్పందం మీద నిలిచి ఉన్నది.

సహకార రంగం ప్రవేశం

1932 నాటి చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం దిగుమతి చక్కెరపై సుంకం విధించి దేశీయ పరిశ్రమకు ఊతమిచ్చింది. ఒక కోశ నిర్ణయం ఒక పైరు విస్తీర్ణాన్ని మార్చిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. ఆ రక్షణ నీడలోనే 1933లో విశాఖ ప్రాంతంలోని ఏటికొప్పాకలో సహకార చక్కెర కర్మాగారం వెలసింది; 1937లో నిజాం రాజ్యంలో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమయింది. స్వాతంత్ర్యానంతరం లైసెన్సుల మంజూరులో సహకార సంఘాలకు ప్రాధాన్యం లభించింది. రైతులు కొంత వాటాధనం, రాష్ట్ర ప్రభుత్వం కొంత వాటాధనం సమకూర్చగా, మిగిలిన పెట్టుబడి ప్రభుత్వ పూచీపై అభివృద్ధి ఆర్థిక సంస్థల నుండి అప్పుగా వచ్చేది. జంపని కర్మాగారం ఈ సహకార తరగతికి చెందినదే.

ఈ ఏర్పాటులో ఒక మౌలికమైన లోపం ఉన్నది. సంస్థకు పేరుకు యజమాని రైతు. పెద్ద వాటాదారు, పూచీదారు ప్రభుత్వం. పాలకవర్గం స్థానంలో ప్రభుత్వం నియమించిన అధికారి బాధ్యత వహించిన సందర్భాలు సహకార రంగంలో తరచుగా ఉన్నాయి. నష్టం వస్తే ప్రభుత్వం ఆదుకొంటుందనే ధీమా సంస్థకు, ప్రతి సీజనుకు ముందు కొత్త పూచీ ఇవ్వక తప్పని పరిస్థితి ప్రభుత్వానికి ఏర్పడ్డాయి.

బడ్జెట్‌లో కనిపించని పన్ను

సహకార కర్మాగారాల నష్టాలకు నిర్వహణ లోపాలు మాత్రమే కారణమని చెప్పడం న్యాయం కాదు. చౌకధరల దుకాణాలలో పంచిన చక్కెరకు అయిన వ్యయంలో కొంత భాగాన్ని ప్రభుత్వం చాలాకాలం ఖజానా నుండి భరించలేదు. కర్మాగారం తయారుచేసిన చక్కెరలో నిర్ణీత శాతాన్ని మార్కెట్ ధరకంటె తక్కువకు లెవీగా సేకరించేది. ఒక దశలో ఈ వాటా 65 శాతం వరకు ఉన్నది. క్రమంగా తగ్గి 10 శాతానికి వచ్చి, రంగరాజన్ సంఘం 2012లో ఇచ్చిన నివేదిక అనంతరం 2013లో రద్దయింది. లెవీ పేరుకు సేకరణ అయినప్పటికీ ఫలితంలో అది పన్నే. ఆ పన్నును కర్మాగారం ద్వారా చివరకు చెరకు రైతు కూడా మోశాడు. బడ్జెట్ పత్రాలలో కనిపించనంత మాత్రాన ఒక వ్యయం లేనట్లు కాదు.

నష్టం ఎలా పుడుతుంది?

చక్కెర కర్మాగారం ఆర్థిక స్థితిని రెండు అంశాలు నిర్ణయిస్తాయి. ఒకటి గానుగ సామర్థ్యపు వినియోగం, రెండవది చక్కెర రికవరీ. వీటిని వేర్వేరుగా పరిశీలిద్దాం.

మొదటి అంశానికి ఒక ఊహాలెక్కను తీసికొందాం. ఈ సంఖ్యలు బోధన కోసం ఎంచుకొన్నవి. ఏ ఒక్క కర్మాగారానికి చెందినవి కావు. తొలితరం సహకార కర్మాగారాలలో రోజుకు 1250 టన్నుల సామర్థ్యం సాధారణం. అటువంటి కర్మాగారం 150 రోజులు ఆడితే 1,87,500 టన్నుల చెరకు కావాలి. ఎకరాకు 30 టన్నుల దిగుబడి అనుకొంటే 6,250 ఎకరాల తోట ఉండాలి. జీతాలు, వడ్డీ, యంత్రాల మరమ్మతులు కలిపి సంవత్సరపు స్థిర వ్యయం 9 కోట్ల రూపాయలు అనుకొంటే టన్ను చెరకుపై పడే భారం 480 రూపాయలు. తోట 3,000 ఎకరాలకు పడిపోతే చెరకు 90,000 టన్నులకు, గానుగ ఆడే కాలం 72 రోజులకు తగ్గుతుంది. స్థిర వ్యయం మాత్రం తగ్గదు. టన్నుకు 1,000 రూపాయలవుతుంది. టన్నుకు 100 కిలోల చక్కెర వస్తుందనుకొంటే కిలో చక్కెరపై 5 రూపాయల 20 పైసల అదనపు భారం పడినట్లు.

ఈ భారం వలన రైతుకు చెల్లింపు ఆలస్యమవుతుంది. చెల్లింపు ఆలస్యమైన రైతు మరుసటి సంవత్సరం కార్శి తోటను దున్నివేసి వరికో, పసుపుకో మారుతాడు. తోట ఇంకా తగ్గుతుంది. టన్నుపై భారం ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైన ఈ క్రమం తనంత తాను ఆగదు. ప్రత్యామ్నాయ పైర్లు తక్కువగా ఉన్న మెట్ట ప్రాంతంలో రైతు కొంతకాలం ఓపిక పడతాడు. వరి, పసుపు, అరటి చేతికి అందుబాటులో ఉన్న డెల్టాలో అంతకాలం ఆగడు. కాబట్టి చెల్లింపులో జాప్యం డెల్టా కర్మాగారానికి మరింత త్వరగా ప్రాణాంతకమవుతుంది.

ఇక రెండవ అంశం రికవరీ. కోస్తా డెల్టాలో చెరకు దిగుబడి బాగుంటుంది; కాని పక్వదశలో గాలిలో తేమ, నేలలో అధికంగా నిలిచే నీరు చక్కెర శాతాన్ని తగ్గిస్తాయి. 2025–26 సీజనుకు కేంద్రం నిర్ణయించిన న్యాయమైన గిట్టుబాటు ధర 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 355 రూపాయలు. రికవరీ 9.5 శాతం, అంతకంటె తక్కువ ఉన్నచోట రైతుకు 329 రూపాయల 5 పైసలు చెల్లించాలి. 2019 ఫిబ్రవరిలో నిర్ణయించిన చక్కెర కనీస అమ్మకపు ధర కిలోకు 31 రూపాయలు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే క్రింది లెక్క వస్తుంది.

రికవరీ 10.25 శాతం అయితే టన్ను చెరకుకు 102.5 కిలోల చక్కెర. కనీస ధరకు దాని విలువ 3,177 రూపాయల 50 పైసలు. చెరకు ధర 3,550 రూపాయలు.

రికవరీ 9.5 శాతం అయితే టన్నుకు 95 కిలోల చక్కెర. విలువ 2,945 రూపాయలు. చెరకు ధర 3,290 రూపాయల 50 పైసలు.

మార్కెట్‌లో చక్కెర ధర కనీస ధరకంటె ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో పరిస్థితి మెరుగుపడుతుంది. అయినప్పటికీ చెరకు ధర పోగా తయారీ వ్యయానికి మిగిలేది స్వల్పం. పిప్పితో విద్యుత్తు, మొలాసిస్‌తో ఆల్కహాలు, ఇథనాలు తయారుచేసే కర్మాగారాలు ఈ లోటును పూడ్చుకొంటాయి. ఉపఉత్పత్తుల విభాగాలు లేని పాత, చిన్న సహకార కర్మాగారానికి ఆ అవకాశం లేదు. కేవలం చక్కెర మీద ఆధారపడిన కర్మాగారం నష్టపోవడానికి అవినీతో అసమర్థతో ఉండి తీరవలసిన పని లేదు, అంకగణితమే చాలును.

సంస్కరణల క్రమం

1991లో దేశంలో ఆర్థిక సంస్కరణలు ప్రారంభమయ్యాయి. చక్కెర రంగంలో 1994లో దిగుమతులకు ద్వారాలు తెరుచుకొన్నాయి. 1998లో పరిశ్రమకు లైసెన్సు విధానం రద్దయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుండి కిలో రెండు రూపాయల బియ్యం పథకం, 1995లో మద్యనిషేధం వలన కోల్పోయిన ఎక్సైజు రాబడి, విద్యుత్ రాయితీలు కలిసి ఖజానాపై ఒత్తిడిని పెంచాయి. 1996లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక స్థితిపై శ్వేతపత్రం వెలువరించింది. 1998లో ప్రపంచ బ్యాంకు సహాయంతో ఆర్థిక పునర్నిర్మాణ పథకం మొదలయింది. నష్టాలలో ఉన్న ప్రభుత్వ, సహకార సంస్థలను అమ్మడం, పునర్వ్యవస్థీకరించడం, మూసివేయడం కోసం బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఈ విభాగం చేపట్టిన సంస్థలలో జంపని, పాలేరు, హనుమాన్ జంక్షన్, ఆముదాలవలస వంటి సహకార చక్కెర కర్మాగారాలు ఉన్నాయి.

ఒకే విధానం అన్నిచోట్ల ఒకే ఫలితాన్ని ఇవ్వలేదు. ఖమ్మం జిల్లాలోని పాలేరు కర్మాగారం ప్రైవేటు యాజమాన్యంలో గానుగ ఆడుతూ కొనసాగింది. నిజాం షుగర్స్‌లో 2002లో 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు ఇచ్చి, 49 శాతం ప్రభుత్వం అట్టిపెట్టుకొన్నది. బోధన్, మెట్‌పల్లి, ముంబోజిపల్లి యూనిట్లు 2015 డిసెంబరులో మూతపడ్డాయి. జంపనిలో గానుగ నిలిచిపోయింది. కావున ప్రైవేటీకరణ మంచిదా, చెడ్డదా అని ఏకవాక్యంలో తీర్పు చెప్పడం శాస్త్రీయం కాదు. చెరకు లభ్యత, కొనుగోలుదారు ఉద్దేశం, ఉపఉత్పత్తుల అవకాశం, భూమి విలువ – ఈ నాలుగూ ప్రతిచోట ఫలితాన్ని వేరుచేశాయి. కర్మాగారం నడిపితే వచ్చే లాభంకంటె దాని ఆవరణలోని భూమి విలువ ఎక్కువైనచోట గానుగ మళ్ళీ తిరగడం కష్టమని ఊహించడానికి పెద్ద సిద్ధాంతం అవసరం లేదు.

ఖజానా లెక్క – రైతు లెక్క

సంస్కరణ వలన ప్రభుత్వానికి కలిగే మేలును తక్కువ చేసి చూడరాదు. ఏటేటా కొత్త పూచీ ఇవ్వవలసిన పని తప్పుతుంది. నష్టాన్ని భరించడానికి వెచ్చించే సొమ్ము కాలువల మరమ్మతుకో, పరిశోధనకో, పాఠశాలకో మళ్ళించే వీలు కలుగుతుంది. ఈ వాదనలో బలమున్నది. అయితే అమ్మకం ద్వారా వచ్చేది ఒక్కసారి వచ్చే మూలధన రాబడి. దానిని జీతాలకో రాయితీలకో ఖర్చుచేస్తే లోటు ఒక్క సంవత్సరం తగ్గినట్లు కనిపిస్తుంది. ఆస్తి మాత్రం శాశ్వతంగా పోతుంది. అమ్మకపు రాబడి పాత అప్పు తీర్చడానికి గాని, కొత్త ఉత్పాదక ఆస్తి కల్పనకు గాని వెళ్ళినప్పుడే అది సంస్కరణ.

రైతు లెక్కలో నాలుగు అంశాలు ఉంటాయి.

మొదటిది, పొలంలో నిలిచి ఉన్న పెట్టుబడి. చెరకు మొక్కతోట 10 నుండి 12 నెలలు పెరుగుతుంది. దానిపై ఒకటి రెండు కార్శి పంటలు తీస్తేనే విత్తనపు ముచ్చెలకు, నాటుకు పెట్టిన ఖర్చు తిరిగి వస్తుంది. సీజను మధ్యలో గానుగ ఆగితే ఈ పెట్టుబడి పొలంలోనే మిగిలిపోతుంది. బెల్లం బట్టీలు ఉన్న అనకాపల్లి ప్రాంతంలో చెరకుకు మరొక దారి ఉన్నది. ఆ వ్యవస్థ బలంగా లేనిచోట అదీ లేదు.

రెండవది, రాని బకాయి. సంస్థ ఆస్తుల అమ్మకంలో బ్యాంకులకు, ప్రభుత్వానికి, కార్మికులకు, రైతులకు రావలసినవాటిలో ఏది ముందు తీర్చాలనేది ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే అసంఘటితంగా ఉన్న రైతే వెనుకబడతాడు. వాటాధనం విషయం మరింత సున్నితమైనది. కర్మాగారంలో వాటాదారు అయిన రైతు తన ఆస్తినే పోగొట్టుకొన్నాడు. కాని ఆ నష్టం ఏ ప్రభుత్వ పత్రంలోను వ్యయంగా నమోదు కాదు.

మూడవది, ధరల అనిశ్చితి. చెరకుకు చట్టబద్ధమైన ధర ఉన్నది. దాని స్థానంలో రైతు ఎంచుకొనే పసుపుకు, అరటికి కేంద్ర మద్దతు ధర లేదు. దుగ్గిరాల యార్డులో పసుపు ధర సంవత్సరానికి సంవత్సరం ఎంతగా మారుతుందో ఈ ప్రాంతపు రైతుకు అనుభవమే. ఆదాయం పెరిగిన సంవత్సరాలు ఉండవచ్చు. కాని నష్టభయం సంస్థనుండి రైతుకు బదిలీ అయింది.

నాల్గవది, కౌలుదారు, కూలీల పరిస్థితి. చెరకు నరకడం, మోపులు కట్టడం, బండ్లకు, ట్రాక్టర్లకు ఎత్తడం శీతకాలం నుండి వేసవి వరకు పని కల్పించేవి. కోతలకు యంత్రాలు వచ్చిన వరి, దుక్కి లేకుండా విత్తే మొక్కజొన్న అంత పనిని ఇవ్వవు. ఈ నష్టానికి నష్టపరిహారం అడిగే హక్కు గల పత్రం ఎవరి చేతిలోను లేదు.

ఈ నాలుగింటిని కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. సంస్కరణ నష్టాన్ని పూర్తిగా తొలగించలేదు. అందులో కొంత భాగాన్ని ఖజానానుండి పొలానికి మార్చింది. సంస్కరణ అవసరమా కాదా అనే ప్రశ్నతో సరిపెట్టుకొనక, బదిలీ అయిన భారాన్ని ఎవరు, ఎంతకాలం, ఏ సహాయంతో మోయాలి అనే ప్రశ్నకు కూడా సమాధానం కావాలి. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం ఇవ్వని సంస్కరణ సగం సంస్కరణ మాత్రమే.

మరొక మార్గం ఉండినదా?

1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టాన్ని ఆమోదించింది. ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యుల పొదుపు, సభ్యుల ఎన్నిక, సభ్యుల బాధ్యతలపై సంఘాలు నడవాలన్నది దీని సారం. ప్రభుత్వం తప్పుకొనడానికి అమ్మకం ఒక్కటే దారి కాదని ఈ చట్టం చూపింది. వాటాను సభ్యులకే క్రమంగా బదిలీ చేయడం మరొక దారి. 1956లో స్థాపితమైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు వంటి సంస్థలు సభ్యుల నియంత్రణతో సహకారం నిలవగలదని నిరూపించాయి. అయితే భారీ పాత అప్పుతో, తక్కువ చెరకుతో ఉన్న కర్మాగారాన్ని సభ్యులకు అప్పగించడం కూడా న్యాయం కాదు. అప్పును ముందుగా పరిష్కరించి, ఆధునికీకరణకు పెట్టుబడి చూపి, ఆ తరువాత సభ్యుల నిర్ణయానికి వదిలివేయడమే సరైన క్రమమని చెప్పవచ్చు. ఆ క్రమానికి సమయం కావాలి. నష్టం పేరుకొనక ముందే మొదలుపెట్టాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

ఇటువంటి మార్పులలో విస్తరణ విభాగం సాధారణంగా చివర ప్రవేశిస్తుంది. అది ముందుగా ప్రవేశించవలసిన సందర్భాలు ఈ విధంగా ఉన్నాయి.

1. కర్మాగారం పరిధిలో ఏటేటా మొక్కతోట, కార్శి విస్తీర్ణాల నిష్పత్తిని నమోదు చేయాలి. కొత్త నాటు తగ్గి కార్శి వాటా పెరగడం రైతుల నమ్మకం సడలుతున్నదనడానికి తొలి సూచన. కర్మాగారపు ఖాతాలలో నష్టం కనిపించక ముందే ఇది పొలంలో కనిపిస్తుంది.

2. రికవరీ పెంపు ఖజానాకు కూడా మేలు చేస్తుందని గుర్తించాలి. ఉయ్యూరు, అనకాపల్లి పరిశోధన స్థానాల నుండి వచ్చిన 83వి15, 87ఎ298 వంటి రకాలను పక్వకాలాన్ని బట్టి నాటించడం, కోతకు ముందు నీటిని నియంత్రించడం, ముందు పక్వమైన తోటకు ముందు పర్మిట్ ఇప్పించడం నేరుగా కర్మాగారం నష్టాన్ని తగ్గించే చర్యలు.

3. మూసివేత తప్పనిసరి అయినప్పుడు కనీసం ఒక పంటకాలం ముందుగా రైతులకు తెలియజేయవలసిందిగా కోరాలి. కొత్త తోట నాటవద్దని, ఉన్న తోట ఎప్పటిలోగా తీయాలో, సమీపంలోని ఏ కర్మాగారం తీసికొనగలదో స్పష్టంగా చెప్పాలి.

4. ప్రత్యామ్నాయ పైరును సూచించేటప్పుడు సగటు ఆదాయంతోపాటు ఐదారు సంవత్సరాల ధరల హెచ్చుతగ్గులను, వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఫిల్టరు పాయింట్ల నీటి లభ్యతను, కౌలు కాలపరిమితిని లెక్కలోకి తీసికొనాలి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే పత్రం 11 నెలలకే పరిమితం. దీర్ఘకాలిక పైరును కౌలుదారుకు సూచించేటప్పుడు ఇది గుర్తుండాలి.

5. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఈ పాఠాన్ని బోధించాలి. 2020లో కేంద్రం ప్రారంభించిన 10,000 సంఘాల పథకంలో ఒక్కొక్క సంఘానికి 15 లక్షల రూపాయల వరకు సమాన వాటా గ్రాంటు, రుణాలకు పూచీ సదుపాయం ఉన్నాయి. ఇవి ఆరంభానికి తోడ్పాటు. వీటినే శాశ్వత ఆధారంగా భావించిన సంఘం సహకార చక్కెర కర్మాగారం నడిచిన బాటలోనే నడుస్తుంది.

ముగింపు

ప్రభుత్వం అనంతకాలం నష్టాలను భరించాలని కోరడం ఆర్థిక వివేకం కాదు; నష్టం ఎవరిమీద పడుతున్నదో చూడకుండా తప్పుకొనడం పాలనా వివేకం కాదు. జంపని అనుభవం ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని చూపుతుంది. బడ్జెట్‌లో లోటు ఎంత తగ్గిందో చెప్పగల అధికారులు రాజధానిలో ఉంటారు. ఆ తగ్గుదలకు ఏ మండలంలో ఎన్ని ఎకరాల పైరు మారింది, ఎన్ని కుటుంబాల ఆదాయం అస్థిరమయింది అని చెప్పగలవాడు పొలంలో తిరిగే విస్తరణ శాస్త్రవేత్తయే. ఆ లెక్క వ్రాసి, సకాలంలో ముందుంచితే తదుపరి సంస్కరణ కొంతైనా సమగ్రంగా ఉంటుంది. ఉత్తరాంధ్రలో చోడవరం, ఏటికొప్పాక, తాండవ వంటి సహకార చక్కెర కర్మాగారాల విషయంలో ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతున్నందున ఈ పాఠం గతానికి మాత్రమే పరిమితమైనది కాదు.

విద్యార్థులకు అభ్యాసం

1. పై ఊహాలెక్కలో టన్నుపై స్థిర వ్యయం 600 రూపాయలు మించకుండా ఉండాలంటే కనీసం ఎన్ని ఎకరాల చెరకు ఉండాలి? ఎకరా దిగుబడి 30 టన్నులనుండి 36 టన్నులకు పెరిగితే ఆ విస్తీర్ణం ఎంతకు తగ్గుతుంది?

2. మీ ప్రాంతంలో మూతపడిన ఒక ప్రాసెసింగ్ సంస్థను ఎన్నుకొని, దాని మూసివేతకు ముందు ఐదు సంవత్సరాలు, తరువాత ఐదు సంవత్సరాలు పరిసర గ్రామాల పంటల సరళిలో వచ్చిన మార్పును నమోదు చేయండి. ఆ మార్పులో సంస్థ మూసివేత వలన వచ్చినదెంత, నీరు, ధరలు, కూలీల కొరత వంటి ఇతర కారణాల వలన వచ్చినదెంత అని వేరుచేసి చర్చించండి.